తడి చూసే వేలు

మా ఎజ్రా పెద్దనాయన కంట్లో మట్టికుండీ పడితే చాలు, కుడిచేతి చూపుడువేలు దానంతట అదే పోయి అందులో దిగేది. రెండు కణుపుల దాకా దించి, కళ్లు మూసుకొని, నాడి చూసే వైద్యుడిలాగా కాసేపు నిలబడి, "తడుండాది. నీళ్లొద్దు" అనేవాడు. ఆ కుండీ ఎవరిది, అందులో ఉన్నది బంతా, మరువమా, పక్కన నిలబడింది తహసీల్దారో, తలారో ఆయనకు పట్టేది కాదు.

ఒకసారి గిద్దలూరులో డిప్టీ కలెక్టరు క్యాంపు వేస్తే, మా మిషను తరఫున దండ వేసి రమ్మని ఆయనను పంపారు. తోటమాలి కదా, దండ ఆయనే కట్టాడు. అందరి దండలూ కలెక్టరు మెడలో పడ్డాయి. మాది మాత్రం పెద్దనాయన ఎడమచేతికి వేలాడుతూ ఉండిపోయింది. కుడిచెయ్యి వరండాలోని క్రోటను కుండీలో ఉంది.

"ఏయ్, ఏందయ్యా ఆ పని?" అని దఫేదారు ఉరిమాడు.

"చెట్టు మునిగిపోతా ఉండాదయ్యా. దండకేం తొందర, ముందు దీన్ని పైకి తియ్యండి."

దండ మెడలో పడకుండానే తిరిగొచ్చింది. పెద్దనాయన దాన్ని రత్నమ్మ పెద్దమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని మేకకు వేసింది.

రత్నమ్మ పెద్దమ్మ ఆయన భార్య. ఆమె మాట కత్తెర. "నేను పెండ్లాడిననాడు ఈ మనిషికి పది వేళ్లు ఉండె. ఇప్పుడు తొమ్మిది వేళ్లు, ఒక గడ్డపార" అనేది. అన్నం ఉడికిందో లేదో చూడమంటే ఆయన వేలే పెట్టేవాడట. "దిగిందా?" అని ఆమె అడిగితే, "తడుండాది, నీళ్లొద్దు" అనేవాడట. అంట్లు తోముతున్న బూడిదచేత్తోనే పెద్దమ్మ గరిటె పట్టుకొని వెంటపడటం నేనే రెండుసార్లు చూశాను.

ఇందులో వింత ఏమిటంటే, మాది కరువు సీమ. బావిలో చేద దించితే నీళ్ల కంటే ముందు రాయి తగిలే సీమ. ఇంటికి ఎవరొచ్చినా కూర్చోమనేకంటే ముందు చెంబు అందిస్తాం. బిడ్డ మీద ప్రేమ, గొడ్డు మీద దయ, పరాయివాడి మీద మర్యాద, అన్నీ మాకు నీళ్లతోనే. అలాంటి చోట పుట్టి, నీళ్లు పొయ్యొద్దు, పొయ్యొద్దు అంటూ తిరిగే మనిషిని జనం ఏమనుకుంటారు? పిసినారి అన్నారు. పిచ్చి అన్నారు. ఆయన ఆ రెంటికీ తల ఊపి, అన్నవాడి వాకిట్లో కుండీ ఏదైనా ఉందేమోనని చూసేవాడు.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, మద్రాసు గవర్నమెంటు. మార్కాపురానికి కొంచెం ఇవతల, పలకల గనులకు పోయే బండిదారి పక్కన మా మిషను కాంపౌండు. ఆడపిల్లల బడి, చిన్న గుడి, దొరసాని బంగళా, వెనకవైపు ముప్పై ఇళ్లు. చివరిది ఎజ్రా పెద్దనాయనది, దాని పక్కది మాది, నేనూ మా ఆయనా ఉండేది. రక్తసంబంధం ఏమీ లేదు. మా నాయన కంటే పెద్దవాడు కాబట్టి పెద్దనాయన, అంతే. బంగళా తోట ఆయనది. తోట అంటే గొప్పగా ఊహించుకోకండి. నాలుగు క్రోటన్లు, రెండు గన్నేర్లు, బాటకు అటూ ఇటూ సున్నం కొట్టిన రాళ్లు.

ఆ తోటకు ప్రాణం మాత్రం దొరసాని తన దేశం నుంచి ఓడలో తెచ్చుకున్న మొక్కలు. ఆమె వాటిని సీడం అనేది. మేము రాళ్లమొక్క అన్నాం. మన రణపాలకు చిన్నమ్మ కూతురు అనుకోండి. చెవితమ్మెలాంటి మందపాటి ఆకులు, గిల్లితే నీళ్లు. ఎండలు తగ్గాక గుత్తులు గుత్తులుగా గులాబిరంగు చుక్కలు పూస్తుంది.

ఒక ఎండాకాలం ముందు దొరసాని సెలవు మీద తన దేశానికి బయలుదేరింది. ఆమె తెలుగు అంతా బైబిల్లో నేర్చుకున్నది. పెద్దనాయనను వరండాలో నిలబెట్టి చెప్పింది.

"ఎజ్రా, ఇవి నాకు ప్రాణసమానములు. సంవత్సరమున్నరకు తిరిగి వచ్చెదను. అన్నియు బ్రతికియుండవలెను. తెల్లని పింగాణీ తొట్టిలోనిది నా తల్లి తన చేతితో నాటినది. దానికి కత్తి తగులరాదు."

"చిత్తం దొరసాని."

"ఇవి చచ్చినయెడల తోటను వేరొకనికి అప్పగించెదను."

ఆ వేరొకడు పొదిలిలో ఉన్నాడు. ఆ పని కోసం మూడేళ్లుగా కాచుకొని ఉన్నాడు. పని పోతే ఇల్లూ పోతుంది, అది తోటమాలికి ఇచ్చిన ఇల్లు. అరవై దాటిన మనిషి, పిల్లలు లేరు, పొలం లేదు. ఈ సంగతి కాంపౌండులో అందరికీ తెలుసు. అందుకే అందరూ సాయం చేయాలనుకున్నారు. ఆపద అక్కడే మొదలైంది.

దొరసాని బండి గేటు దాటిందో లేదో, కాంపౌండుకు దయ పుట్టింది. ఎండలో ఆ కుండీలు తల్లిలేని బిడ్డల్లాగా కనిపించాయి. మా ఎదురింటి దయామణక్క కడుగునీళ్లు తెచ్చింది, బియ్యం కడిగినవి.

"దయామణీ, చంపడానికి చెంబు తెచ్చినావా, బిందె తెచ్చినావా?" అంటూ పెద్దనాయన అడ్డం తిరిగాడు.

"అయ్యో మామా, పాపం నోరెండినట్టు ఉండాయి. ఒక్క గుక్క."

"ఆ గుక్క దాని ఆకులోనే ఉండాది. ఒంటెకు మూపురం ఎట్లనో దీనికి ఆకు అట్ల. ఇంకా పోస్తే యాడ పెట్టుకుంటది?"

"ఒంటెను చూసినావా నువ్వు?"

"బైబిల్లో చూసినా."

ఆయన వేలు దించి తడి చూస్తూ ఈ కుండీ దగ్గర ఉంటే, ఆ కుండీ దగ్గర ఇంకొకరు చెంబు వంచేవారు. ముప్పై ఇళ్లు, ఒక్క వేలు. ఎంతకని ఆగుతాయి? తెల్లతొట్టి జోలికి మాత్రం ఎవరూ పోలేదు, దొరసాని తల్లిదని భయం. మిగిలినవాటికి అందరూ తల్లులే. పదిహేను రోజుల్లో వాటి కాండాలు మొదట్లో నల్లబడి, ఉడికిన వంకాయలాగా మెత్తబడ్డాయి.

పెద్దనాయన ఏడవలేదు. కత్తి తెచ్చి, కుళ్లు ఎక్కడిదాకా ఎక్కిందో చూసి, దానికి పైన పచ్చిగా ఉన్నచోట కోశాడు. కోసిన కొమ్మలను మట్టిలో పెట్టకుండా నీడన చాపమీద పరిచాడు. మూడు రోజులు అట్లనే.

"వేరు లేని కొమ్మను ఆరబెడతావా మామా? చస్తది గదా!" అని దయామణక్క గుండె బాదుకుంది.

"పచ్చిపుండుతో మట్టిలో పెడితే మళ్లీ కుళ్లుతది. గాయం ఎండి తోలు కట్టినాకనే నేల."

పలకల గని దగ్గర రాలిన పొట్టు, ఏటి ఇసుక, గుప్పెడు ఎర్రమట్టి కలిపాడు. కుండీ అడుగున తూటు మీద పెంకు పెట్టాడు. కొమ్మలు నాటి, వారం దాకా చుక్క నీళ్లు పోయలేదు. నెలకు వేళ్లు పట్టాయి.

ఇక చెంబులను ఆపడానికి ఉపాయం వేశాడు. మాలో చదివేవాళ్లు తక్కువ కాబట్టి, ఒక పెద్ద పలక మీద చెంబు బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, గేటు పక్కన వేలాడదీశాడు. మావాళ్లకు అర్థమైంది. దారిన పోయే అర్ధవీడు బండ్లవాళ్లకు ఇంకోలా అర్థమైంది.

"ఏమయ్యో! దాహం అడగొద్దని బోర్డు పెట్టినారంటనే! ఇంత పాపం మేం యాడా చూడలే!"

ఆ మాట బేస్తవారిపేట సంతదాకా పోయింది. మా కాంపౌండు పరువు పోయిందని గుడిపెద్దలు గోల. ఆ రోజంతా పెద్దనాయన గేటు దగ్గర నిలబడి, అడిగినవాడికీ అడగనివాడికీ, ఎద్దులకూ కలిపి నీళ్లు తోడి పోశాడు. సాయంత్రం పలక దించేసి, నడుం పట్టుకొని ఇంటికొచ్చాడు.

"బతికుండగా ఇన్ని నీళ్లు నువ్వు పోస్తావని నేను అనుకోలే" అంది రత్నమ్మ పెద్దమ్మ.

తర్వాత వంతు ఏబేలు పెద్దది. గుడిపెద్దల్లో పెద్ద, నలభై మేకలకు యజమాని. నీళ్లు వద్దన్నారని ఆయన ఎరువు తెచ్చాడు. పెద్దనాయన మార్కాపురం పోయిన పూట చూసి, కుండీకి ఇంత మేకపెంట వేయించాడు. రెండు వారాల్లో మొక్కలు బాగా ఎత్తు పెరిగి, నడుము విరిగినట్టు నలువైపులా పడిపోయాయి, పెద్ద ప్రసంగంలో గుడిపెద్దలు కునికి పడినట్టు. ఈ పోలిక పెద్దనాయనదే, ఏబేలు పెద్ద మొహం మీదే అన్నాడు.

"బలం పెడితే తప్పా ఎజ్రా?"

"అది పేద నేలలో పుట్టింది ఏబేలూ. రాయి నాకి బతికేదానికి నువ్వు పెండ్లిభోజనం పెడితివి. కొవ్వెక్కి పడింది."

పెంట ఊడ్చి, మళ్లీ పలకపొట్టు నింపి, వాలిన కొమ్మలను సగానికి గిల్లాడు. గిల్లినచోట రెండేసి చిగుళ్లు వచ్చి, పొట్టిగా, గట్టిగా నిలబడ్డాయి.

ఆ వానాకాలం తెల్లపురుగు పట్టింది. ఆకుల సందుల్లో దూది అంటించినట్టు పిండినల్లి. పొగాకు నీళ్లు చల్లాడు, పురుగు పోలేదు. నల్లమల నుంచి తేనె అమ్మడానికి వచ్చే లింగన్న, "సారాతో తుడువు తాతా, పురుగుకు కైపెక్కి రాలిపోతది" అన్నాడు. కైపు మాట దేవుడెరుగు, మందు మాత్రం పనిచేసింది. గుడ్డపీలిక సారాలో ముంచి ఒక్కొక్క ఆకూ తుడిచాడు. కాకపోతే ఆ సారా కోసం, మా మిషను మనిషి, పట్టపగలు, మార్కాపురం సారాకొట్టు ముందు సీసా పట్టుకొని నిలబడ్డాడు. ఒక్క రోజు కాదు, వరసగా నాలుగు గురువారాలు.

ఆదివారం గుడి అయ్యాక సంఘం కూర్చుంది. ఏబేలు పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"ఎజ్రా, సారాకొట్టుకు పోయినావా?"

"పోయినా."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

ఆడవాళ్ల వైపు నుంచి 'అయ్యో ప్రభువా' అని వినిపించింది.

"తాగినావా?"

"నేను తాగలే. చెట్లు తాగినయ్."

"చెట్లు సారా తాగుతాయా?"

"నమ్మకపోతే పోయి వాసన చూడండి."

సంఘమంతా లేచి బంగళా వరండాకు నడిచింది. తెల్లచొక్కా, భుజం మీద కండువా వేసుకున్న ఏబేలు పెద్ద వంగి, ఆకు దగ్గర ముక్కు పెట్టి, చాలాసేపు అట్లనే ఉన్నాడు.

"ఇంక చాలు లేయ్ ఏబేలూ. పీలిస్తే కూడా లెక్కే" అన్నాడు పెద్దనాయన.

ఆ చలికాలంలో మా ఆయన యేసుదాసు పోయాడు. పలకల గనిలో పని. నాలుగు రోజుల జ్వరం. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను, ఇది పెద్దనాయన గురించి రాస్తున్నది.

మాలో ఒక పద్ధతి ఉంది. పలకరించడానికి వచ్చిన ఆడమనిషి గడప దాటగానే ఏడుపు ఎత్తుకోవాలి, ఇంట్లో ఆమె కూడా ఎత్తుకోవాలి. వచ్చినామె ఆగినాక ఇంకొకామె వస్తుంది. ఊళ్ల నుంచి వచ్చారు, కంభం నుంచి వచ్చారు. నెల దాటినా వస్తూనే ఉన్నారు. నేను చీకటింట్లో గోడకు ఆనుకొని, వచ్చినవాళ్లందరితో కలిసి ఏడ్చేదాన్ని. వాళ్లు పోయాక ఊరికే కూర్చునేదాన్ని. మాట్లాడటం మానేశాను, పొయ్యి రాజేయడం మానేశాను.

ఒకరోజు పదిమంది కూర్చొని ఉండగా పెద్దనాయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంక లేయండమ్మా, లేయండి. నెలనాళ్ల నుంచి పోస్తానే ఉండారు. ఈడ తడి ఎక్కువైపోయింది."

ఆడవాళ్లు నిర్ఘాంతపోయారు. "ముసలోడికి బుద్ధి చెడింది!" అంటూ కొంగులు దులుపుకొని లేచిపోయారు. ఆయన వాళ్ల వెనకే పోయాడు.

మరునాడు పొద్దున్నే వచ్చాడు. చేతిలో పగిలిన గంజికుండ అడుగుభాగం. అందులో చిటికెన వేలంత కొమ్మ, నాలుగు ఆకులు.

"ఇది పన్నెండోది" అన్నాడు.

నేను గోడకు ఆనుకొనే చూశాను.

"దొరసానివి పన్నెండు. పదకొండు నేను చూసుకుంటా. ఇది రోగిష్టిది, నా చేతికి వస్తాలేదు. ఇది చచ్చిందంటే ఆమె ఊరుకోదు. నేను, మీ పెద్దమ్మ చెట్టు కిందికి పోవాల్సిందే."

"నాకేం తెలుసు పెద్దనాయనా?" అన్నాను. వారం రోజుల్లో అదే నా మొదటి మాట అని తర్వాత రత్నమ్మ పెద్దమ్మ చెప్పింది.

"తెలియనోళ్ల చేతిలోనే బతుకుతది. తెలిసినోళ్లంతా నీళ్లు పోసినారు గదా."

తర్వాత వరసగా విధులు చెప్పాడు. పొద్దు పొడవగానే కుండను ఎత్తుకుపోయి దయామణక్క వాకిట్లో పెట్టాలి, అక్కడ లేతెండ ముందు పడుతుంది. కిందపెట్టి రాకూడదు, పక్కనే కూర్చోవాలి, కోళ్లు పొడుస్తాయి. బడిగంట కొట్టినాక బడి గోడ దగ్గరకు మార్చాలి.

"బడి దగ్గరెందుకు?"

"పిల్లకాయల గోల తగలాల. ఆకు గట్టిపడతది."

మధ్యాహ్నం ఎండకు ఆకు కమిలిపోతుంది కాబట్టి గుడి అరుగు మీద నీడకు చేర్చాలి. పొద్దు వాలినాక రత్నమ్మ పెద్దమ్మ పెరట్లోకి తేవాలి. అక్కడ నేను ఏదైనా తినాలి.

"నేను తినేదెందుకు పెద్దనాయనా?"

"ఆకలిగొన్న మనిషి ఊపిరి ఆ చెట్టుకు పడదు. వాడిపోతది. నేను కండ్లారా చూసినా."

ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం ఒక్క మాట కూడా అనుమానించలేదు. అప్పటికి నాకు చదువు లేదు, ఆయన దొరసాని తోటమాలి. ఆ ముసలిదంపతులు నా వల్ల ఇల్లు పోగొట్టుకోకూడదు, అది ఒక్కటే నాకు తెలుసు. కుండ చంకన పెట్టుకొని బయలుదేరాను.

మొదటి నెలలో కాంపౌండు నన్ను చూసి గుసగుసలాడింది. రెండో నెలలో అలవాటు పడింది. దయామణక్క కోళ్లను అదిలిస్తూ నాకు మజ్జిగ ఇచ్చేది. ఊరి సంగతులు చెప్పేది, ఎక్కువ చెడ్డవే. బడి గోడ దగ్గర ఆడపిల్లలు లెక్కలు తప్పుగా అరుస్తుంటే విని విని ఎనిమిదో ఎక్కం దాకా నాకూ నోటికొచ్చింది. గుడి అరుగు మీద ఏబేలు పెద్ద తన మేకల జబ్బులు చెప్పేవాడు. సాయంత్రం రత్నమ్మ పెద్దమ్మ, "తిను, లేకుంటే చెట్టు చస్తదంట" అని సంగటిముద్ద ముందు పెట్టి, ఎందుకో గోడవైపు తిరిగి నవ్వేది. పెద్దనాయన రోజూ వచ్చి వేలు దించి, తల ఇటూ అటూ ఊపి, "ఇంకా గండం గడవలే" అనేవాడు. నేను కుండను ఇంకా దగ్గరికి హత్తుకునేదాన్ని.

ఎనిమిది నెలలు మోశాను. చిటికెన వేలంత కొమ్మ గుబురై, పగులుకుండ పట్టక బయటికి దొర్లింది. దొరసాని వచ్చే వారంలో దాని నెత్తిన గులాబిరంగు మొగ్గ కట్టింది.

స్టేషను నుంచి జట్కా వచ్చింది. ముప్పై ఇళ్లవాళ్లూ వరండా ముందు నిలబడ్డాం. కుండీలన్నీ వరసగా కడిగి పెట్టి ఉన్నాయి, పింగాణీ తొట్టి మధ్యలో. నేను నా పన్నెండోదాన్ని పట్టుకొని అందరికీ వెనక నిలబడ్డాను, పిలిస్తే ఇద్దామని. పొదిలి మనిషి కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకొని.

దొరసాని ఒక్కొక్క కుండీ చూస్తూ, "మంచిది, మంచిది" అంటూ తెల్లతొట్టి దగ్గరకు వచ్చి ఆగిపోయింది. కళ్లద్దాలు సవరించుకుంది.

"ఎజ్రా! ఇచట కత్తి తగిలినది."

నడిమి పెద్దకొమ్మ మొదలు దగ్గర నున్నగా తెగి ఉంది. పెద్దనాయన ఆకాశం వైపు చూశాడు.

"మేక, దొరసాని."

"మేక కత్తి పట్టునా?"

"ఈ సీమ మేకలు, దొరసాని..."

"ఏయ్, నా మేకల్ని అనొద్దు ఎజ్రా!" అని ఏబేలు పెద్ద వెనకనుంచి అరిచాడు.

పొదిలి మనిషి ఒక అడుగు ముందుకు వేశాడు. రత్నమ్మ పెద్దమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది, ఈసారి నవ్వుకు కాదు.

"తక్కిన పదియు క్షేమము. నేను విడిచిన పదకొండింటిలో ఇదియొక్కటియే..." అని దొరసాని మొదలుపెట్టింది.

పదకొండు అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. వరండాలో కుండీలు లెక్కపెట్టాను. పదకొండు. నా చంకలోది పన్నెండు. దొరసానికి పన్నెండోది ఎక్కడిది?

ఆలోచించేలోపే కాళ్లు నడిచాయి. మనుషుల్ని తోసుకుంటూ పోయి, నా పగులుకుండను తెల్లతొట్టి పక్కన దించాను.

"మేక కాదు దొరసానిగారూ. ఆ కొమ్మ ఇదే. పెద్దనాయన నా కోసం కోసినాడు. పని ఎవరికైనా ఇయ్యండి గానీ, కొమ్మ చావలే. చూడండి."

అంతమందిలో నేను అంత గట్టిగా మాట్లాడటం నాకే కొత్త. దొరసాని వంగి నా మొక్కను చూసింది. వరండాలో ఉన్న వాటన్నింటికంటే అది బలిసి ఉంది.

"దీనినెట్లు పెంచితివి, సంతోషమ్మా?"

చెప్పాను. దయామణక్క వాకిలి, బడి గోడ, పిల్లల గోల, గుడి అరుగు, ఆకలిగొన్న మనిషి ఊపిరి, అన్నీ వరసగా. వింటూ వింటూ దొరసాని మొహం ఎర్రబడింది. పెదాలు బిగపట్టింది. చివరకు ఆగలేక, కళ్లద్దాలు జారిపోయేలా నవ్వింది.

"సంతోషమ్మా, మా దేశమందు ఇది ఇండ్ల కప్పులమీద మొలుచును. దానివైపు ఎవరును చూడరు. రాతిమీద పెట్టి మరచిన చాలును!"

నేను పెద్దనాయన వైపు చూశాను. ఆయన ఇంకా ఆకాశాన్నే చూస్తున్నాడు. దొరసాని కూడా ఆయనను చూసింది, నన్ను చూసింది, నా బోసిమెడ చూసింది. ఆమె పోయేటప్పుడు మా ఆయన ఉన్నాడు. ఆమె పెట్టెలు బండికెత్తింది ఆయనే.

నవ్వు ఆపేసి కళ్లద్దాలు తుడుచుకుంది.

"ఎజ్రా, నీవు నా తల్లి మొక్కను ఖండించితివి."

"అవును దొరసాని."

"అబద్ధమాడితివి."

"అవును దొరసాని."

"ఎన్ని?"

"మేక ఒకటి. పన్నెండోది ఒకటి. ఇంకా ఉండాయి, అన్నీ రత్నమ్మకు తెలుసు."

"నాకు తెలిసినయ్ తొమ్మిది, దొరసానమ్మా" అంది పెద్దమ్మ.

దొరసాని తెల్లతొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తెగినచోటు చుట్టూ అయిదు కొత్త పిలకలు లేచి ఉన్నాయి.

"నాలుగేండ్లకొకసారి దీనిని ఖండించి విడదీయవలెను. లేనియెడల నడుమ బోలుపడి చచ్చును. నాకు తెలియును. తల్లిదని ధైర్యము చాలక మానితిని." తలెత్తి పొదిలి మనిషితో, "నాయనా, మధ్యాహ్నము భోజనము చేసి వెళ్లుము" అంది.

ఆ సాయంత్రం పెద్దనాయన ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చొని పారకు పిడి బిగిస్తున్నాడు.

"రాతి మీద పెట్టి మరిచిపోతే చాలంట గదా పెద్దనాయనా?"

"అది వాళ్ల దేశంలో. మన ఎండ ఏరే."

"పిల్లకాయల గోల?"

"అది కూడా ఏరే."

"సరే, కోసేదానికి తెల్లతొట్టిదే దొరికిందా? పక్కన పది ఉండె. కత్తి తగలొద్దని ఆమె చెప్పినదానికే పెట్టినావు."

ఆయన పిడిని నేలకు కొట్టి చూసుకున్నాడు.

"అవన్నీ ఒకసారి కుళ్లి బతికినయ్యమ్మా. ఎప్పుడు ఏమైతదో నమ్మకం లేదు. నీకు ఇచ్చేది చావకూడదు గదా."

రత్నమ్మ పెద్దమ్మ లోపలనుంచి, "ఆ రోజు ఈ మనిషి కొమ్మ కోసి, మూడు రోజులు అన్నం తినలే. దొరసాని తల్లి కలలోకి వస్తాందంట, తెల్లగౌను వేసుకొని" అంది.

"రాలే. వచ్చినా నాకు ఇంగిలీషు రాదు" అన్నాడు పెద్దనాయన.

నవ్వి లేచాను. గుమ్మం దాకా పోయినాక ఆయన పిలిచాడు.

"రేపటినుంచి మొయ్యొద్దులే. గండం గడిచింది."

"మోస్తా పెద్దనాయనా. పొద్దున పోకుంటే దయామణక్క ఊరుకోదు. బడి పిల్లలు తొమ్మిదో ఎక్కంలో ఉండారు. ఏబేలు పెద్ద మేక ఈనేట్టు ఉండాది, చూసి రావాల."

పెద్దనాయన పార పక్కన పెట్టి, ఇన్నాళ్లలో ఎన్నడూ లేనంత కోపంగా చూశాడు.

"పోతే నువ్వు పో. ఆ చెట్టునెందుకు ఊరంతా తిప్పుతావు? ఎనిమిది నెలలు నీతో తిరిగింది, దానికి మాత్రం అలుపు రాదా?"